సొంతింటి గేటు ముందు గస్తీ మాస్టారు

ఆ వీధిలో పోయిందల్లా ఒక్క సైకిలు పంపు. అది నిజంగా పోయిందో, ఎవరైనా అడిగి తీసుకెళ్ళి తిరిగివ్వడం మరిచిపోయారో ఇప్పటికీ తేలలేదు. కానీ డ్రిల్లు మాస్టారికి అదే చాలింది. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, రిటైరయ్యాక నిలబెట్టడానికి ఎవరూ దొరక్క గిలగిల్లాడుతున్న మనిషి ఆయన. ఆ సాయంత్రమే వీధిలోవాళ్ళందర్నీ పోగేసి, మధ్యాహ్నం పూట అందరూ పనుల మీద పోయాక వీధి దిక్కులేనిదైపోతోందనీ, ఇకనుంచి గస్తీ తిరగాలనీ, జీతంభత్యం మాటెత్తకూడదనీ ప్రకటించారు. ఎవరూ కిక్కురుమనలేదు. సగంమంది చిన్నప్పుడు ఆయన ముందు గుంజీలు తీసినవాళ్ళే.

తలూపినవాళ్ళు చాలామందే గానీ, తీరా మర్నాడు వచ్చింది ఇద్దరు. ఒకడు ఆయన తోడల్లుడు, ఎదురింట్లో ఉండే కరెంటు మేస్త్రీ. పెద్దల్లుడి మాట తీసెయ్యలేక వచ్చాడు పాపం. రెండోవాడు పళ్ళ డాక్టరు. మధ్యాహ్నం ఆయన క్లినిక్కుకి ఈగలు తప్ప ఎవరూ రారు. ముగ్గురికీ మూడు టోపీలు, మూడు విజిళ్ళు వచ్చాయి.

వీధికి ఒకటే దారి, అవతల చివర గోడ. అక్కడ కాపలా కాయడం కన్నా తేలిక పని ఉండదు. అయినా దొంగ రాలేదు. రోజులు గడిచేకొద్దీ, దొంగ రావాల్సిన చోటంతా రూల్స్ వచ్చి కూర్చున్నాయి. అన్నిటికన్నా మాస్టారికి ముద్దొచ్చిన రూలు మూడు ప్రశ్నలది. ఎవరిమీద అనుమానం వచ్చినా సరే, వాడు తనదని చెప్పుకునే ఇంటి ముందుకు తీసుకెళ్ళాలి. ఇంట్లోవాళ్ళు గేటు తియ్యకుండా వెనకనుంచే మూడు ప్రశ్నలు అడగాలి, మొహం చూస్తే మొహమాటం వచ్చేస్తుంది కనక. వీధిలో నిలబడి చూస్తే తెలియని సంగతులే అడగాలి. ఒక్కదానికైనా సరైన జవాబు చెబితే ఇంటివాడు, లేకపోతే పోలీస్ స్టేషనుకు.

ఈ రూలుకి మొదట బలైంది పళ్ళ డాక్టరే. కొత్త చొక్కా వేసుకొచ్చిన పాపానికి మాస్టారు ఆపేశారు. గేటు వెనక వాళ్ళ అత్తగారు తాపీగా ఆలోచించి ఆలోచించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే, అల్లుడు నడినెత్తిన ఎండతో నిలబడి, చివరికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పి గట్టెక్కాడు. ఆ రోజునుంచి డాక్టరు మాస్టారిని చూసి నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ నవ్వులో పళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఇక మాస్టారి ఇల్లు. ఆయన ఇంట్లో ఉన్నా వీధిలోనే ఉండేవారు. ముందు గది కిటికీ దగ్గర బైనాక్యులర్సు పట్టుకుని నిలబడి, భోజనం కూడా అక్కడే కానిచ్చేవారు. భార్య వెనకనుంచి పళ్ళెం అందించేది, వెనకనుంచే మాట్లాడేది. ఆయన "ఊఁ" అనేవారు. మూడు నెలలుగా ఆవిడ ఆ "ఊఁ"తోనే కాపురం చేస్తోంది.

ఇంతలో మాస్టారికి మరో బుద్ధి పుట్టింది. దొంగ రాకపోతే మనవాళ్ళకి తుప్పు పడుతుంది, పరీక్ష పెట్టాలి అనుకున్నారు. ఒక మధ్యాహ్నం ఊళ్ళో పని ఉందని చెప్పి వెళ్ళి, ఇన్నేళ్ళ మీసం నున్నగా గీయించేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, భుజాన గోనెసంచితో, ఎవరో తరుముతున్నట్టు గోడవారనే నక్కుతూ వీధిలో అడుగుపెట్టారు.

"అదేంటన్నయ్యా, మీసం తీసేశారు?" అన్నాడు తోడల్లుడు, కరెంటు స్తంభానికి వేసుకున్న నిచ్చెన మీదనుంచే.

పళ్ళ డాక్టరు మాత్రం విజిలు ఊది, పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు. మాస్టారి ఛాతీ పొంగిపోయింది.

"శభాష్! ఇది పరీక్ష. పాసయ్యారు. ఇక వదలండి."

"పట్టుబడ్డవాడు ఇది పరీక్షే అంటాడు, నమ్మొద్దు. నాలుగో రూలు. మీరు పెట్టిందే మాస్టారూ."

"నేను నేనేనయ్యా!"

"మీరు మీరేనని నాకూ తెలుసు, మీ తోడల్లుడికీ తెలుసు. తెలిసినవాడని వదిలేస్తే గస్తీ ఎందుకని మీరేగా అన్నారు? నడవండి, మీ ఇంటికే పోదాం."

మాస్టారికి కోపం రావాల్సింది, గర్వం వచ్చింది. ఎంత బాగా తయారు చేశాను వీళ్ళని అనుకుంటూ ముందు నడిచారు. తన ఇంటి గురించి మూడు ప్రశ్నలే కదా. ఇటుకా ఇటుకా దగ్గరుండి కట్టించుకున్న ఇల్లాయె.

ఆకుపచ్చ రేకు గేటు మూసే ఉంది. నిచ్చెన దిగి వెంటొచ్చిన తోడల్లుడు ఇబ్బందిగా తట్టాడు. "వదినా, అన్నయ్యని పట్టుకున్నాం. ఏవైనా మూడు ప్రశ్నలు... తేలికవి అడగండి."

గేటు వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది. "రూలు ప్రకారమే అడుగుతాను. మన గోడ గడియారం ఎక్కడుంది?"

"హాల్లో, తలుపుకెదురుగా!" మాస్టారు సావధాన్‌లో నిలబడి మరీ చెప్పారు.

"ఆ గోడ నానిందని వానల్లోనే వంటింట్లోకి మార్చాను. మీకు చెప్పాను కూడా. ఊఁ అన్నారు."

డాక్టరు ఒక వేలు ముడిచాడు.

"వెనక మెట్లెక్కితే ఉన్న గదిలో ఏముంది?"

"పాత సామాను. మడత మంచం, నా డంబెల్సు."

"నెల రోజులనుంచి నర్సు పిల్ల అద్దెకుంటోంది."

"ఎవరూ, ఆ తెల్లబట్టల అమ్మాయా? నేను రోజూ ఆపి అడుగుతూనే ఉన్నానే! ఏ ఇల్లంటే 'మాస్టారిల్లు' అంది. ఏ మాస్టారో అనుకుని పొమ్మన్నాను."

తోడల్లుడు నవ్వాపుకోలేక టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు రెండో వేలూ ముడిచాడు. ఇక మిగిలింది ఒక్కటే. అదీ తప్పితే ఈ డాక్టరు స్టేషనుదాకా నడిపించుకెళ్ళే రకం, అందులో అనుమానం లేదు.

గేటు వెనక ఆవిడ గొంతు ఈసారి తగ్గింది.

"నిన్న నాకు కంటి ఆపరేషనైంది. ఏ కంటికి?"

మాస్టారు పక్కకి చూస్తే, ఇద్దరూ ఆశ్చర్యపడటం లేదు.

"నా కారులోనే తీసుకెళ్ళాను మాస్టారూ," అన్నాడు డాక్టరు మెల్లగా. "వెళ్ళేటప్పుడు మీరే ఆపి డిక్కీ తెరిపించారు. వచ్చేటప్పుడూ తెరిపించారు."

నిజమే. డిక్కీలో స్టెప్నీ, ఒక నీళ్ళ సీసా, పాత గొడుగు. అన్నీ గుర్తున్నాయి. ముందు సీట్లో ఎవరున్నారో గుర్తులేదు. నిన్న రాత్రి పళ్ళెం పట్టుకున్న చెయ్యి గుర్తుంది, గాజులు గుర్తున్నాయి. ఆ చెయ్యి వెనకున్న మొహం ఎంత వెతికినా దొరకలేదు. దారిన పోయే ప్రతివాడి మొహంలోకీ తొంగి చూసిన మనిషికి, సొంత భార్య మొహం కంటికి ఆనకపోవడం అప్పుడు గుండెల్లో గుచ్చుకుంది. స్టేషను భయం ఎటు పోయిందో పోయింది. ఈ గేటు ఇక తన కోసం తెరుచుకోదేమోనన్న భయం పట్టుకుంది.

తోడల్లుడికి మనసాగలేదు. టోపీ సర్దుకుంటున్నట్టు ఒక వేలు తన కంటివైపు తీసుకెళ్ళాడు.

"సైగలు నిషేధం," అన్నాడు డాక్టరు, కానీ గొంతులో మునుపటి పొగరు లేదు. "మాస్టారూ, ఉన్నవి రెండే కళ్ళు. ఏదో ఒకటి చెప్పెయ్యండి."

కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. తగిలితే తగిలినట్టే. ముప్పై ఏళ్ళలో పిల్లలు ఏమడిగినా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చిన మనిషి. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"నాకు తెలియదే," అన్నారు.

డాక్టరు మూడో వేలు ముడవలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. గేటు అవతల ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకోవడం ముగ్గురికీ వినపడింది.

"దొంగైతే ఈపాటికి ఏ కన్నో కనిపెట్టేసి ఉండేవాడు," అంది ఆవిడ. "ఇంట్లో ఉంటూ ఇంత తెలియనివాడు ఈ లోకంలో మా ఆయన ఒక్కరే. ఈయన ఆయనే. వదిలెయ్యండి."

గడియ తీసిన చప్పుడైంది. గేటు మాత్రం తెరుచుకోలేదు. డాక్టరు రెక్క వదిలేశాడు. మాస్టారు అలాగే రేకు మీద చెయ్యి ఆనించి, తోసే ధైర్యం చాలక నిలబడ్డారు.

"ఏ కన్నే?" అన్నారు, ఎవరికీ వినపడనంత చిన్నగా.

"లోపలికొచ్చి చూడండి."