ముక్కు బస్సుకి పోనీ సైగ

నేను కళ్లజోళ్లు అమ్ముతాను. అది పొట్టకోసం. మనసు కోసం మాత్రం పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం 'డిపో కబుర్లు' అనే రెండు పేజీల పత్రిక తీస్తున్నాను. ఏ రూటులో ఏ బస్సు మారింది, దేనికి కొత్త రంగు పడింది, దేని ఇంజను మూలిగింది, ఏ డ్రైవరు ఏ డిపోకి మారాడు, అన్నీ అందులో ఉంటాయి. చందాదారులు అరవై రెండు మంది. నవ్వకండి. అరవై రెండు మందీ ఆఖరి అక్షరం దాకా చదివేవాళ్లే. ఒక్క అంకె తప్పు పడితే ఇంటికొచ్చి మరీ కడిగేస్తారు. అయితే ఆ అవసరం ఎవరికీ రాలేదు. పదకొండేళ్లలో 'డిపో కబుర్లు'లో ఒక్క సవరణ కూడా వేయలేదని నేను షాపులో కనబడిన ప్రతివాడికీ చెబుతూ ఉంటాను, అద్దాలు తుడుచుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా.

మాకు కొన్ని నియమాలున్నాయి. బస్సుని బయట నుంచే ఫొటో తీయాలి. మనవాళ్లెవరూ ఫొటోలో పడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది పోనీ సైగ. స్టాపులో కెమెరా పట్టుకుని నిలబడితే పాపం డ్రైవరు ప్రయాణికులనుకుని ఆపుతాడు, టైము పోతుంది. అందుకని బస్సు కనబడగానే చెయ్యి చాచి, ఆవుదూడని అదిలించినట్టు ముందుకి ఊపాలి. "మేం ఎక్కం, నువ్వు పోనీ" అని దానర్థం. ఆ నియమం పెట్టింది నేనే. ఊళ్లో డ్రైవర్లందరికీ అది అలవాటైపోయింది. చెయ్యి ఊపితే చాలు, బ్రేకు మీద కాలు కూడా వేయరు.

ఇక మా అక్క సంగతి. నాకంటే ఆరేళ్లు పెద్ద. కొండమీది ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్లుగా దుప్పట్లు ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడత పెట్టించే పని ఆమెది. దుప్పటి మీద ముడత కనబడితే ఆమెకి అన్నం సయించదు. ఆ లాండ్రీ గేటు దాకా వెళ్లేది ఒక్క ముప్ఫై ఒకటో నంబరు బస్సే. డిపోలో బయలుదేరి, దాని పక్కనే ఉన్న మా వీధి, బడి, కూరగాయల మార్కెట్టు, ఆస్పత్రి వెనక గేటు చుట్టి మళ్లీ డిపోకి వస్తుంది. రోజుకి పన్నెండు ట్రిప్పులు, గంటకొకటి. అక్క మోకాలు కొండ ఎక్కనివ్వదు. నాకున్నది సైకిలు. అంటే ఆ బస్సు లేకపోతే అక్కకి ఉద్యోగం లేనట్టే.

ఆ బస్సుకే ఎసరొచ్చింది. జనం ఎక్కడం లేదు కాబట్టి ఆపేస్తాం అంది ఆఫీసు. చివరి అవకాశంగా ఒక గురువారం తలలు లెక్కపెడతామంది. పన్నెండు ట్రిప్పులూ కలిపి నూట ఎనభై మంది ఎక్కితే బస్సు ఉంటుంది. లేకపోతే లేదు.

ఆ ముక్క పత్రికలో వేశాను. నిజం చెప్పాలి కదా, రెండో పేజీలో కింద, చిన్న అక్షరాల్లో వేశాను. ఎందుకంటే మొదటి పేజీకి అంతకంటే పెద్ద వార్త దొరికింది. రోజూ తిరిగే బస్సు రిపేరుకెళ్లిందట, గురువారం దాని బదులు పాత 408 నంబరు బండి వస్తుందట. ముందు ఇంజను పొడుచుకొచ్చి ఉండే ముక్కు బస్సు! తొమ్మిదేళ్లుగా షెడ్డులో పడుకున్న మహారాణి! డిపోలో బస్సులు కడిగే అతను నా చెవిలో వేసిన మాట అది. ఇంకెవరికీ తెలీదు. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. "గురువారం ముక్కు బస్సు రోడ్డెక్కుతోంది, అందరూ రండి" అని అరచెయ్యంత అక్షరాల్లో కొట్టాను.

వచ్చారు. పొద్దున్న ఆరుంపావుకి మొదటి ట్రిప్పు మా స్టాపుకి వచ్చే వేళకి రూటు పొడుగునా నలభై మంది, మూడు కాళ్ల స్టాండ్లు వేసుకుని, కెమెరాలు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. మా స్టాపులోనే తొమ్మిది మందిమి. నా పక్కన లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి నా పత్రిక తప్ప వేరే వ్యసనం లేదు.

మలుపులో ముక్కు కనబడింది. ఆ తరవాత ఎర్ర రంగు. ఆ ఇంజను గొంతు విని మాస్టారికి కళ్లు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, దాచడం దేనికి? తొమ్మిది కెమెరాలు లేచాయి, తొమ్మిది చేతులు చాచుకున్నాయి. అందరికంటే ముందు ఊపిన చెయ్యి నాది. డ్రైవరు గారిని ఊళ్లో అందరూ 'నిదానం' అంటారు, మర్యాదస్తుడు. మా సైగ చూసి, తల పంకించి, ఆపకుండా పోనిచ్చాడు. బ్రహ్మాండమైన ఫొటో. బస్సులో అడ్డంగా ఒక్క తల కూడా లేదు.

"ఒరేయ్!" అని వెనక నుంచి వినబడింది.

వెనక్కి చూస్తే అక్క. భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. మా స్టాండ్ల వెనక నిలబడి చెయ్యెత్తి ఊపుతూనే ఉందట. మా తొమ్మిది వీపుల వెనక ఆ చెయ్యి నిదానానికి ఎలా కనబడుతుంది?

"నేను ఎక్కాల్సిన బస్సుని పొమ్మన్నావట్రా?" అంది అక్క.

కాసేపటికి మిగతా స్టాపుల నుంచి ఫోన్లు మోగడం మొదలైంది. "అద్భుతంగా వచ్చింది అన్నా ఫొటో, బస్సు మొత్తం ఖాళీ!" అని ఒకడు. "మా దగ్గరా ఆపలేదు, ఏం వేగం!" అని ఇంకొకడు. బస్సు చుట్టు తిరిగి డిపోకి చేరాక మాస్టారు ఫోను పెట్టేసి, నెమ్మదిగా లెక్క చెప్పారు. పద్నాలుగు స్టాపులు, నలభై మంది అభిమానులు, ఎక్కినవాళ్లు ముగ్గురు.

"ఇంత ప్రేమ చూపించి ఇంత చక్కగా ప్రాణం తీసినవాళ్లని నేనెక్కడా చూడలేదు," అంది అక్క, బెంచీ మీద కూలబడుతూ.

తరవాతి బస్సు గంటకి గానీ లేదు. అక్క లాండ్రీకి ఫోన్ చేసి, "మా తమ్ముడు బస్సు తోలేశాడు, ఆలస్యమవుతుంది," అని చెప్పింది. అవతలి మనిషికి ఏం అర్థమైందో గానీ నవ్వు నాదాకా వినబడింది.

మాస్టారు చేతులు రుద్దుకున్నారు. "కంగారు పడకండి. నలభై మందిమి ఉన్నాం. మిగిలిన పదకొండు ట్రిప్పుల్లోనూ ఎక్కి కూర్చుంటే నాలుగు వందల నలభై. నూట ఎనభై ఏపాటి?"

"రేపు ఎక్కుతారా మాస్టారూ?" అంది అక్క.

మాస్టారు కెమెరా పట్టీ సర్దుకున్నారు.

"ఎల్లుండి? ఇవాళ మీరు కూర్చుని బతికిస్తే, వచ్చే నెల మళ్లీ లెక్కపెడతారు. అప్పుడు మళ్లీ ముక్కు బస్సు వస్తుందా? వెళ్లే పని ఉన్నవాళ్లు ఎక్కాలండీ. ఊరికే ఊరేగేవాళ్లు కాదు."

ఆమె మాట నిజమే. పైగా దొంగ అంకె వేయడం నా వల్ల కాని పని. నేను తల పట్టుకుని కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో బడిలో చదివాను, ఇప్పుడు చూస్తున్నాను. అక్క కూడా తిట్టడం మానేసింది. తిట్టినా బాగుండేది. సంచిలోంచి తన లాండ్రీ గుర్తింపు కార్డు తీసి, బొటనవేలితో దాని అంచు రుద్దుతూ కూర్చుంది. పద్నాలుగేళ్ల కిందటి ఫొటో అందులో.

అప్పుడే ఎదురింటి పెద్దావిడ ఈ సందడేమిటా అని రోడ్డు దాటి వచ్చింది.

"ఎవరైనా పోయారా నాయనా?"

"ఇంకా పోలేదమ్మా. ముప్ఫై ఒకటి పోయేలా ఉంది."

"ఆ బస్సా? అది ఆస్పత్రి పనివాళ్లది కదా. మనల్ని ఎక్కించుకోరుగా."

"ఎవరన్నారు? అందరిదీనమ్మా. మార్కెట్టు మీదుగా వెళ్తుంది."

"మార్కెట్టుకా!" ఆవిడ నోరు తెరిచింది. "మూడేళ్లుగా ఎదురుగుండా ఉంటున్నాను. రెండు సంచులు మోసుకుని నడిచి వస్తున్నాను. ఒక్కరు చెప్పలేదే! ఎన్నింటికి వస్తుంది?"

"ఏడుంపావుకి ఇక్కడ. ఏడు ఇరవై ఒకటికి బడి. ఏడు ఇరవై ఆరుకి మార్కెట్టు," అన్నాను ఆలోచించకుండా.

అక్క నా వైపు చూసింది. తరవాత స్టాపు బోర్డు వైపు చూసింది. ఎండకి వెలిసిపోయి, దాని మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

"నీ పత్రికలో ఈ టైములు ఎప్పుడైనా వేశావా?"

పదకొండేళ్లు. ఐదు వందలకి పైగా సంచికలు. ఏ బస్సుకి ఏ ఏడాది ఏ టైర్లు మార్చారో వేశాను. ముప్ఫై ఒకటి ఏ స్టాపుకి ఎన్నింటికి వస్తుందో ఒక్కసారి కూడా వేయలేదు. మాకందరికీ నోటికొచ్చు కదా, వేయడం దేనికి అనుకున్నాను. మాకు తెలిస్తే లోకానికి తెలిసినట్టే అని ధీమా. లోకానికి కళ్లజోళ్లు అమ్మే మనిషిని నేను!

లేచి నిలబడి, పక్కనున్నవాళ్లకి చెప్పి, మిగతా స్టాపులవాళ్లకి ఫోన్లు చేశాను. "కెమెరాలు సంచుల్లో పెట్టండి. ఎవరి స్టాపులో వాళ్లే ఉండండి. దారినపోయే ప్రతివాళ్లకీ చెప్పండి, ముప్ఫై ఒకటి ఎన్నింటికి వస్తుందో, ఎక్కడికి వెళ్తుందో. బతిమాలొద్దు. చెప్పండి చాలు. ఇంకోమాట, ఇవాళ ఎవడైనా పోనీ సైగ చేస్తే వాడి చందా రద్దు."

మావాళ్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. వాళ్లకి మొహమాటం ఎక్కువ, బస్సులతో తప్ప మనుషులతో మాట్లాడరు. కానీ ఎవరైనా బస్సు గురించి అడిగితే మాత్రం ఇంక ఆపలేం. పదకొండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న ఆ రోజు ఊరంతా అడిగింది. హారన్ వినగానే బస్సు నంబరు చెప్పే కుర్చీలల్లేవాడొకడున్నాడు మాలో, వాడు మార్కెట్టు దగ్గర "ఇంకో నాలుగు నిమిషాలమ్మా, అదిగో బడి మలుపులో ఉంది, వినండి," అంటుంటే కూరలవాళ్లు చుట్టూ మూగారట.

ఏడుంపావుకి అక్క ఎక్కింది. వెనకాలే పెద్దావిడ, ఖాళీ సంచులతో. ముందు సీట్లో తలలు లెక్కపెట్టే యంత్రం పట్టుకుని కూర్చున్న ఆఫీసావిడ రెండుసార్లు నొక్కింది. ఆ ట్రిప్పుకి పదకొండు మంది. తరవాత పదహారు, పద్నాలుగు, పందొమ్మిది, పద్దెనిమిది. మాస్టారు డిపో గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ట్రిప్పు ట్రిప్పుకీ ఆఫీసావిడ కాగితంలోకి మెడ సాచి చూసి నాకు ఫోన్ చేస్తున్నారు. మధ్యాహ్నం ఎండకి పన్నెండుకి, తొమ్మిదికి పడిపోయింది. బడి వదిలాక పదిహేను, పదిహేడు, ఇరవై రెండు.

"పదకొండు ట్రిప్పులకి నూట యాభై ఆరు," అన్నారు మాస్టారు. "చివరి దాంట్లో ఇరవై నాలుగు కావాలి."

చివరి ట్రిప్పుకి నేను ఆస్పత్రి వెనక గేటు తరవాతి స్టాపులో టైములు చెబుతూ ఉన్నాను. అక్క డ్యూటీ దిగి వెనక గేటు దగ్గర అదే బస్సు ఎక్కుతుంది. ఈసారి నేనూ ఎక్కుదామనుకున్నాను. ఇంటికే వెళ్తున్నాను కాబట్టి పని ఉన్న ప్రయాణమే. ఇంకో నిజం చెప్పాలి. ముప్ఫై ఒకటి గురించి అన్నేళ్లు రాశాను గానీ, ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కితే బస్సు కనబడదు కదా!

సాయంత్రం ఎండలో ముక్కు బస్సు వచ్చింది. కిటికీల నిండా తలలు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. కళ్లు చెమర్చాయి, చెయ్యి లేచింది, అదే, వెధవ అలవాటు, ముందుకి ఊగింది. నిదానం గారు తల పంకించి పోనిచ్చాడు.

"అయ్యో, కాదు, ఆపండి!" అని పరిగెత్తాను. ముప్ఫై అడుగుల అవతల బస్సు కీచుమని ఆగింది. కిటికీలోంచి అక్క బయటికి వంగి బస్సు రేకు మీద దబదబా బాదుతోంది.

"ఆ చెయ్యి దించరా ముందు! ఎక్కు!"

రొప్పుతూ ఎక్కాను. ఆఫీసావిడ యంత్రం నొక్కింది. ఎంత అని కళ్లతో అడిగాను.

"ముప్ఫై మూడు," అంది ఆవిడ.

"నువ్వు ఎక్కకపోయినా బస్సు బతికేసింది," అంది అక్క. "కూర్చో."

కూర్చున్నాను. సిగ్గూ సంతోషం కలిసి ఏడుపొచ్చింది, కాస్త ఏడ్చాను కూడా. లాండ్రీలో అక్క తోటివాళ్లు ఆరుగురు ఎక్కారు, పొద్దున్న ఆ ఫోన్ మాట విని బస్సు తోలేసిన తమ్ముడెవరో చూద్దామని. వాళ్లు చూశారు, నవ్వారు. పెద్దావిడ రెండో ట్రిప్పు వేసుకుని, నిండు సంచుల మధ్య కూర్చుని ఉంది. అక్క నా చేతిలో టిఫిన్ డబ్బా పెట్టింది. అందులో నాకోసం సగం మిగిల్చి ఉంది.

"రైట్ రైట్!" అని అరిచింది అక్క, మళ్లీ రేకు బాది.

ఆ ఆదివారం 'డిపో కబుర్లు' మొదటి పేజీలో ముక్కు బస్సు ఫొటో లేదు. ముప్ఫై ఒకటి టైముల పట్టిక ఉంది, పెద్ద అక్షరాల్లో, స్టాపుల్లో అంటించుకోవడానికి వీలుగా. అచ్చయిన మొదటి కాపీ అక్కకిచ్చి, గర్వంగా నిలబడ్డాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చదివింది.

"తప్పు," అంది.

"ఏది తప్పు? పదకొండేళ్లలో..."

"ఆస్పత్రి వెనక గేటుకి వచ్చేది ఏడు ముప్ఫై ఒకటికి కాదు, ఏడు ముప్ఫై మూడుకి. మార్కెట్టు దగ్గర బుట్టలు ఎక్కించుకోవడానికి నిదానం గారు రెండు నిమిషాలు ఆగుతాడు, ఎప్పుడూ. బయట నిలబడి పోనీ పోనీ అనేవాడికి అదెలా తెలుస్తుంది?"

మరుసటి ఆదివారం మొదటి సవరణ వేశాను. కింద అక్క పేరు కూడా వేశాను.