ముందు నడిచినవాడు

ఉలికి పదును పెట్టించాలి. సుత్తికి కొత్త పిడి బిగించాలి. మేకలు కాసే గోపన్నను తోడు రమ్మనాలి. భార్య సుంకమ్మకు ఏదో ఒక అబద్ధం చెప్పాలి.

మూడు పనులు తెల్లారేసరికే అయిపోయాయి. నాలుగోది లేవికి చేతకాలేదు.

"ఈ వయసులో కొండకు ఎందుకు పోతాండావు?" అంది సుంకమ్మ, సంగటి మూట కడుతూనే.

"దొర పేరు చెక్కి పారేసేకి."

"ఆయప్ప సచ్చి శానా ఏండ్లాయ గదయ్యా. ఇంకా ఏం పగ?"

"మా నాయన గూడా సచ్చినాడు. ఆయప్ప పేరు రాతిమీద ఉండాది. మా నాయన పేరు యాడుండాది?"

ఎర్రగుంట్ల రైలు లైనులో గ్యాంగుపని చేసి చేసి లేవి కుడిభుజం కిందికి వాలిపోయింది. అతను పని విరమించిన ఏడాదే ఎవరెస్టు ఎక్కిన వార్త వచ్చింది. టీ అంగట్లో పేపరు చదివి, "ముందర నడిచే కొండమనిషి పేరు గూడా ఏసినారే" అని ఆశ్చర్యపోయాడు. అప్పటినుంచి మిషను బడిలోని పాత పుస్తకాలు తెచ్చుకుని, ఎడారులు దాటినవాళ్ల కథలు, నదుల పుట్టుక వెతికినవాళ్ల కథలు చదివాడు. దారి చూపినవాడెవడో ప్రతి కథలోనూ వెతికేవాడు. చాలా కథల్లో వాడికి పేరే లేదు. చదివేకొద్దీ కడుపు మండేది.

లేవి తండ్రి ఏసేపు, గుహలు వెతికే తెల్లదొరకంటే ముందుగా ఆ కొండమీది గుహలోకి వెళ్లినవాడు. లోపల చెడుగాలి ఉందేమో చూడటానికి దివిటీ ఇచ్చి కూలివాణ్ణి పంపేవాళ్లు. దివిటీ ఆరితే వెనక్కి రావాలి. ఆరింది. "ఇంకా పో" అన్నాడు బయట నిలబడ్డ దొర. ఊపిరి పోయిన ఏసేపును కాళ్లు పట్టి బయటికి లాగారు. గాలి సర్దుకున్నాక దొర లోపలికి వెళ్లొచ్చి, గుహను కనుగొన్నది తానేనని వాకిట్లోని రాతిమీద తన పేరు చెక్కించుకున్నాడు.

గుహ ముందు నిలబడి లేవి ఆ పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ పైకి చదివి, తర్వాతే దానిమీద ఉలి పెట్టాడు.

"ఏమప్పా లేవీ, ఒక్క దెబ్బకు పగలగొట్టక ఇట్ల గీకుతాండావే?" అన్నాడు గోపన్న.

"ఒక్క దెబ్బకు పోతే దొరకు నొప్పి తెలీదప్పా. మెల్లిగా పోనీ."

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దొర పేరు పిండిపిండిగా రాలిపోయింది. ఆ పిండిని లేవి కాలితో తొక్కాడు. నున్నబడిన చోట తండ్రి పేరు మొదలుపెట్టాడు. మొదటి అక్షరం అయ్యాక, అలుపు తీర్చుకుందామని నీడకు జరిగి వీపు ఆనించాడు.

నీళ్లు తెచ్చిన గోపన్న రెండుసార్లు పిలిచాడు. తర్వాత ముంత కింద పెట్టి, లేవి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలగుడ్డ తీశాడు.

గోపన్నకు చదువు రాదు. ఊళ్లో మరెవరూ ఆ పని ముట్టుకోలేదు. మీరెప్పుడైనా ఎర్రమల కొండలవైపు పోతే, ఆ గుహ ముందు కాసేపు నిలబడి ఏసేపును పేరు పెట్టి తలచుకోండి. రాతిమీద ఉన్నది 'ఏ' ఒక్కటే.