రెండో బల్ల వదలని పేజీ

నా నోరు మంచిది కాదని మా బ్లడ్ బ్యాంకులో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆసుపత్రిలో రక్తం సంచులు చూసుకుంటున్నాను. పని సరిగ్గా చేయని వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మండితే దాచుకోవడం చేతకాదు. ఆ జనవరిలో కంప్యూటర్లు మొండికేసినప్పుడు అందరికంటే ఎక్కువ అరిచింది నేనే.

మా గదిలో మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు. మొదటి బల్ల ఎలీహియోది. వార్డుల నుంచి ఫోను రాగానే ఏ గ్రూపు సంచులు ఎన్ని ఉన్నాయో, ఏ అరలో ఉన్నాయో చూసి చెప్పడం అతని పని. రెండోది నాది. పొద్దున వచ్చిన సంచులన్నీ నేనే ఎక్కిస్తాను. మూడో దాని దగ్గర ఫెలీసిటాస్ కూర్చుని రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళ వివరాలు రాసుకుంటుంది. మూడింటిలోనూ ఒకటే ప్రోగ్రాం. మనం అడిగినదాన్ని వెనక గదిలోని డేటాబేస్ నుంచి తెచ్చి చూపిస్తుంది. పద్నాలుగేళ్ళ కిందట, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే జునిల్డా రాసిచ్చిన ప్రోగ్రాం అది.

రెండు వారాలుగా రోజూ పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఎలీహియో కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ఏదో ఒక గ్రూపు అడుగుతాడు, తెర మీద ఇసుక గడియారం గిర్రున తిరుగుతూ ఉంటుంది. అరగంట తర్వాత దానంతట అదే బాగవుతుంది. దానంతట అదే అని వాళ్ళంటారు. నేను వచ్చి కూర్చుని నా డబ్బాను ఫెడీమని ఒక్కటి కొట్టి పని మొదలుపెడితేనే కదులుతుందని నేనంటాను.

"నిమియా అక్కా, నీ చెయ్యి పడితేగానీ దానికి బుద్ధి రాదు," అనేవాడు ఎలీహియో.

"నీకూ అంతే," అనేదాన్ని.

బుధవారం మాత్రం నవ్వులాట కాలేదు. కాన్పుల వార్డు నుంచి నర్సు పరుగెత్తుకొచ్చి ఓ నెగటివ్ కావాలంది. ఎలీహియో తెర బిగుసుకుపోయి ఉంది. ఆ పిల్ల ఆగలేక తానే ఫ్రిజ్ తలుపు తీసి అరలన్నీ వెతికి ఒక సంచి పట్టుకుపోయింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ డైరెక్టర్ డాక్టర్ ఓవేలర్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా చూస్తాను," అన్నాడు. "అప్పటికీ ఇలాగే ఉంటే ఈ డబ్బాలు బయటికి, నోటుపుస్తకాలు లోపలికి."

నోటుపుస్తకాలంటే ఏమిటో ఆయనకేం తెలుసు, ఆయన వచ్చి ఏడాదే అయింది. పదహారేళ్ళ కిందట మా తమ్ముడు ఆర్సేనియోను ట్రాక్టర్ కింద నుంచి తీసి ఇక్కడికే తెచ్చారు. పుస్తకంలో చూసి ఓ నెగటివ్ లేదన్నారు. రాజధాని అసున్సియోన్‌కు తరలించారు. నాలుగు గంటల దారి, వాడు రెండు గంటలే ఉన్నాడు. మూడో రోజున ఫ్రిజ్‌లో రెండు సంచులు దొరికాయి. ఎవరో వేరే పుస్తకంలో రాశారు. ఎవరి మీదా కేసు పెట్టలేదు. ఆ ప్రోగ్రాం వచ్చిన రోజున మాత్రం నేను ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే దోన్యా జునిల్డాకు ఫోన్ చేశాను. అరవై ఏడేళ్ళావిడ, సాంకేతిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైంది. గురువారం ఎనిమిది గంటల బస్సులో దిగింది. ఒక చేతిలో పాత లాప్‌టాప్, ఇంకో చేతిలో వేడి చీపా రొట్టెల సంచి.

కంప్యూటర్ వైపు చూడనైనా లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "తెరెరే ఎన్నింటికి?" అంది.

ఈవిడ బాగుచేయడానికి వచ్చిందా, చల్లటి ఆకు నీళ్ళు తాగడానికి వచ్చిందా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. "తొమ్మిదిన్నరకి. కానీ ఇక్కడ కాదు, వెనక వసారాలో," అన్నాను. "క్రిస్మస్ ముందు ఫెలీసిటాస్ కీబోర్డు మీద కూజా ఒంపేసింది. కంప్యూటర్లున్న గదిలో తెరెరే కూడదని డాక్టర్ గారి ఆర్డరు."

"ఎప్పటినుంచి?"

"రెండు వారాలైంది."

ఆవిడ తలూపి రొట్టె తుంచుకుంది.

మా గుంపులో ఆకు మీద చల్లటి నీళ్ళు పోసేది నేను. అందరికీ ఒకటే అయిన కొమ్ము గ్లాసు, గ్వాంపా, నా చేతి నుంచే బయలుదేరాలి, మళ్ళీ నా చేతికే రావాలి. మొదటి పోత మనుషులకు ఇవ్వం, అది సెయింట్ థామస్‌ది. ఆకు ఆ నీళ్ళు పీల్చుకున్నాక రెండో పోత నుంచి వరస మొదలు. నేను లేకపోతే వరసే లేదు కాబట్టి వసారా నుంచి పిలుపు రాగానే అందరికంటే ముందు లేచేది నేనే.

ఆ రోజూ అలాగే లేచాను. వరస రెండుసార్లు తిరిగింది. ఎలీహియో గ్వాంపా చేతిలో పట్టుకుని వాళ్ళ మామగారి ఆవు కథ మొదలుపెట్టాడు.

"అది మైకు కాదు నాయనా, తాగి ఇటివ్వు," అన్నాను.

దోన్యా జునిల్డా పకపకా నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపి, లేచి లోపలికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఎలీహియో లేచేముందు ఏదో అడిగినట్టున్నాడు, అతని తెర మీద ఇసుక గడియారం తిరుగుతోంది. ఆవిడ లాప్‌టాప్‌ను డేటాబేస్‌కు తగిలించి ఏదో టైపు చేసింది. రెండు వరసలు వచ్చాయి. తల వంచి చదివాను.

ఓ నెగటివ్ పేజీ. పట్టుకుని ఉన్నది: రెండో బల్ల. తొమ్మిది ముప్పై రెండు నుంచి.

దాని కోసం ఎదురుచూస్తున్నది: మొదటి బల్ల.

నా బల్ల వైపు చూశాను. మార్పులు చేయడానికి నేను తెరిచిన పేజీ అలాగే ఉంది. సంచి నంబరులో సగం కొట్టి వదిలేశాను. పాత రోజుల్లో కూజా నా మోచేతి పక్కనే ఉండేది, పేజీ ముగించి సేవ్ చేసి అప్పుడు పోసేదాన్ని. ఇప్పుడు పిలవగానే లేచిపోతున్నాను. తిరిగొచ్చి డబ్బాను కొట్టి, మిగతా సగం పూర్తిచేసి సేవ్ చేస్తున్నాను. కదిలేది ఆ సేవ్‌తో, నా దెబ్బతో కాదు. బుధవారం ఆ నర్సు అరలు వెతుకుతుంటే ఆ పేజీ నా గుప్పిట్లో ఉంది. నేను వసారాలో కూర్చుని నీళ్ళు పోస్తున్నాను.

గుమ్మంలో ఎలీహియో అడుగుల చప్పుడైంది. దోన్యా జునిల్డా లాప్‌టాప్ మూత వేసేసింది.

"ఏం దొరికింది దోన్యా?" అన్నాడు.

"నా తప్పు దొరికింది. పో, ఆవు కథ పూర్తిచెయ్యి."

అతను వెళ్ళాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ తెరిచింది. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాదనుకున్నాను. కానీ ప్రతి నాలుగు వరసలకూ మామూలు మాటల్లో తనకు తాను రాసుకున్న గుర్తులున్నాయి. 'నిమియా కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోతుంది, అక్షరాలు పెద్దవిగా ఉండాలి.' 'చేతులు వణికే వేళలో వాడతారు, చెరిపేముందు రెండుసార్లు అడుగు.' ఒక చోట ఒకే వరస: 'ఆర్సేనియో లాంటి వాళ్ళ కోసం, సంచి ఉన్న అర నంబరు ముందు చూపించు.' ఈ ప్రోగ్రాం రాసేముందు ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పూటంతా మాట్లాడించింది. కబుర్లనుకున్నాను. ఈ మనిషి నా ఏడుపును కూడా పారేయకుండా తెచ్చి కోడ్‌లో పెట్టింది. ఇంత శ్రద్ధ నా మీద మా అమ్మ కూడా పెట్టలేదు.

"ఇది రాసినప్పుడు మీకున్నది ఒక్క బల్ల," అంది. "పేజీ తెరిచినవాళ్ళు మూసేదాకా అది వాళ్ళదే అని రాశాను. మీరు మూడు బల్లలయ్యారు, నేను రాసింది మార్చలేదు. గ్వాంపా పట్టుకుని కబుర్లు చెబుతోంది నా ప్రోగ్రామే."

సాయంత్రం దాకా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. ఇకమీద పేజీ అడిగితే ప్రోగ్రాం డేటాబేస్ తలుపు తడుతుంది, కావలసింది తీసుకుని వెంటనే తలుపు వేసేస్తుంది. సేవ్ నొక్కినప్పుడు మళ్ళీ తడుతుంది. ఈలోగా ఇంకెవరైనా దాన్ని మార్చారేమో చూస్తుంది, మార్చి ఉంటే మనకు చెబుతుంది, లేకపోతే రాసేసి బయటికి వస్తుంది. మధ్యలో ఎవరి పేజీ ఎవరి గుప్పిట్లోనూ ఉండదు. చివర్లో ఆవిడ ఒక గుర్తు రాయడం చూశాను. 'మనుషులు తెరెరేకి లేస్తారు. పేజీ పట్టుకుని కూర్చోకు.'

శుక్రవారం తొమ్మిదింటికే డాక్టర్ ఓవేలర్ వచ్చాడు.

"తప్పు ఎవరిది?" అన్నాడు.

"నాది," అంది దోన్యా జునిల్డా.

నోరు మూసుకుంటే అయిపోయేది. ఇరవై రెండేళ్ళుగా అందరి తప్పులూ వేలెత్తి చూపినదాన్ని, ఎలా మూసుకోను? లేచి నిలబడ్డాను. "కాదు డాక్టర్ గారూ. పేజీ తెరిచి లేచిపోయింది నేను. రోజూ నేనే."

ఎలీహియో కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. ఫెలీసిటాస్ తల దించుకుంది. ఆ పిల్లను కీబోర్డు విషయంలో ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి చెవులు కాలాయి.

"లేవడం తప్పు కాదు," అంది దోన్యా జునిల్డా నెమ్మదిగా. "పద నిమియా, ఇవాళ కావాలనే లే. ఓ నెగటివ్ పేజీ తెరిచి, సగం కొట్టి, వదిలేసి వెళ్ళి కూర్చో."

వదిలేశాను. వసారాలోకి వెళ్ళి కూజా ఎత్తి, పోయకుండానే మళ్ళీ కింద పెట్టాను. డాక్టర్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఎలీహియో తన బల్ల దగ్గరే ఉన్నాడు. తొమ్మిదీ నలభైకి ఫోన్ మోగింది.

"చెప్పండి... ఎముకల వార్డా... ఓ నెగటివ్." కీబోర్డు మీద నాలుగు టకటకలు. "ఆఁ, ఉన్నాయి. రెండు సంచులు. కింది అర, ఎడమ పక్క. వచ్చేయండి."

అంతే. ఆ ఒక్క మాట పదహారేళ్ళ కిందట మా వాళ్ళతో ఎవరూ అనలేదు.

డాక్టర్ వచ్చి మా పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. దోన్యా జునిల్డా నా వైపు చూసి, వరస మొదలుపెట్టమన్నట్టు గడ్డం ఊపింది. గ్వాంపాలో ఆకు మీద మొదటి పోత పోశాను. అది సెయింట్ థామస్‌ది. ఆ రోజు మాత్రం ఆర్సేనియో పేరు చెప్పి పోశాను.