స్టీరింగు మీద ఒక వేలు

ఆ రోజు పొద్దున ఆకాశంలో మూడు పొద్దులు పొడిచాయి. నడిమిది అసలుది. అటొకటి ఇటొకటి గాల్లోని మంచు పొడి పుట్టించిన ఉత్తుత్తివి. కెనడాలోని రోజెన్‌బాక్ ఊళ్ళో వాటిని సూర్యుడి కుక్కలంటారు. మూడుండీ ఒక్కటీ వేడివ్వలేదు. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు తీగకు కట్టేసి ఉంచిన పికప్ ట్రక్కును ఆవును విప్పినట్టు విప్పి, మార్లిన్ లోవెన్ బడికి బయలుదేరింది. కంకర రోడ్డు మీద ఎదురైన పికప్‌లకు స్టీరింగు మీంచి ఒక వేలు లేపింది. వాళ్ళూ లేపారు. మధ్యలో వెండిరంగు చిన్న కారొకటి పోయింది. మళ్ళీ పికప్‌లు, మళ్ళీ వేళ్ళు.

మార్లిన్ హైస్కూల్లో పదకొండో తరగతికి సోషల్ చెబుతుంది. చెబుతుంది అనడం మాటవరసకే. ప్రశ్న బోర్డు మీద రాసి సుద్దముక్క కింద పెట్టేసే రకం ఆమె. పిల్లలు జవాబు చెబితే "నీకెలా తెలుసు?" అంటుంది. చెప్పకపోతే "ఎలా తెలుసుకుంటావు?" అంటుంది. ఆమె తండ్రి ఏబ్‌కి ఈ పద్ధతి ఏనాడూ మింగుడు పడలేదు. జీతం తీసుకుని జవాబు చెప్పని టీచరును ఈ సస్కాచెవాన్ రాష్ట్రం మొత్తంలో తనే కన్నానని కాఫీ దగ్గర అందరితో అంటుంటాడు. అలా అంటున్నప్పుడు మొహంలో కాస్త గొప్ప కూడా ఉంటుంది.

క్రిస్మస్ సెలవులు కాగానే ఆమె బోర్డు మీద 'కెనడా వాళ్ళమంటే ఎవరం?' అని రాసింది. హాకీ అన్నారు. మేపుల్ పాకం అన్నారు. మర్యాదస్తులం అన్నారు. అమెరికా వాళ్ళం కాదు, అది చాలన్నారు. పాకం తీసే మేపుల్ చెట్టును కళ్ళతో చూసినవాళ్ళెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. మర్యాద సంగతికొస్తే, మొన్నటి హాకీ ఆటలో అమ్మానాన్నలు రిఫరీని ఏమేం అన్నారో చెప్పమంది. అందరూ బూట్ల వంక చూసుకున్నారు. అమెరికా వాళ్ళం కాదన్నవాడితో, పక్కింటివాణ్ణి కాదంటే నీ పేరు చెప్పినట్టేనా అంది.

చివరికి, ఎవరూ నేర్పకుండానే మీరు చేసే పని ఒకటి చెప్పమంది. వెనక బెంచీలో కునుకు తీస్తున్న బ్రోడీ వీబ్ కళ్ళు తెరవకుండానే కుడిచేతి చూపుడువేలు లేపాడు. నిద్రలో లేపాడో మెలకువలో లేపాడో గానీ క్లాసు క్లాసంతా అవునంటే అవునంది. దారిలో ఎవరెదురైనా వేలు లేపుతాం. తెలిసినవాడా తెలియనివాడా అని చూడం. ఇదీ మనం.

"నీకెలా తెలుసు?" అంది మార్లిన్.

ఆ రోడ్డు మీద అందరికంటే ఎక్కువ కాలం బండి నడిపినవాణ్ణి అడగాలని తీర్మానించారు. అంటే ఏబ్‌నే. అందుకే మూడు పొద్దుల రోజున డెబ్బై దాటిన ఆ రైతు, ఉతికిన ఓవరాల్ తొడుక్కుని, టోపీ చేత్తో పట్టుకుని, కూతురి క్లాసులో చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మామూలుగా మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. మంచుతుపానులో వేలు లేపడం గురించి, చావుకి వెళ్తూ లేపడం గురించి, దెబ్బలాడుకున్న అన్నదమ్ములు కూడా లేపడం గురించి. ఆ రోడ్డు మీద తను వేలు లేపని మనిషి లేడని ముగించాడు.

కిటికీ పక్కన కూర్చున్న ఐరా కబనిల్లా చెయ్యెత్తింది. ఆ పిల్ల తల్లి రోవెనా ఊళ్ళోని ముసలివాళ్ళ హోమ్‌లో పని చేస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఆరేళ్ళయింది.

"మా అమ్మకి ఎవరూ లేపరు సర్" అంది ఐరా. నెమ్మదిగానే అంది.

"లేపకేం. ఏ బండి మీ అమ్మది?"

"వెండిరంగు చిన్న కారు సర్. రోజూ పొద్దున మీకు ఎదురొస్తుంది."

ఏబ్ ఆలోచించాడు. "నేను చూళ్ళేదే అమ్మాయ్."

"అదే సర్ నేను చెప్పేది."

క్లాసు గొల్లుమంది. ఏబ్ నవ్వలేదు. టోపీ పెట్టుకుని, పోసిన కాఫీ పోసినట్టే వదిలేసి వెళ్ళిపోయాడు. మార్లిన్ కూడా నవ్వలేదు. పొద్దున చూసిన చిన్న కారు ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

మార్లిన్ తల్లి పోయాక ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏబ్ ఫాస్పా అనే ఫలహారానికి కూతురింటికే వచ్చేవాడు. రెండంతస్తుల బన్ను, వెన్న, జున్ను, చోక్‌చెర్రీ పళ్ళ జామ్, కాఫీ. ఫాస్పాకి రమ్మని ఎవరూ పిలవరు, వస్తామని ఎవరూ చెప్పరు. కుర్చీ ఉంటుంది, మనిషి వస్తాడు. ఆ ఆదివారం మనిషి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ఫోను చేస్తే, పిల్లల ముందు అబద్ధాలకోరునయ్యాక బన్ను గొంతు దిగదన్నాడు.

ఒక్కగానొక్క తండ్రి, వారానికి ఒక్కటే ఆదివారం. రెండూ పోగొట్టుకోలేక మార్లిన్ బోర్డు తుడిచి, వచ్చే వారం నుంచి రైలు మార్గం చరిత్ర మొదలుపెడదామంది.  బ్రోడీ అడిగాడు, వేలు సంగతి తేలిపోయిందా మిస్ అని. తేలినట్టే అందామె.

"మనకెలా తెలుసు?" అన్నాడు బ్రోడీ.

తన కత్తి తనకే గుచ్చుకుంది. అయినా కాసేపు పట్టు వదల్లేదు. గంట కొట్టాక ఐరా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"మిస్, మీ నాన్నగారిని తప్పు పట్టాలని కాదు. వచ్చే నెల నాకు లైసెన్సొస్తుంది. నేను వేలు లేపాలో, ఊరికే స్టీరింగు పట్టుకోవాలో, అది తెలిస్తే చాలు."

మర్నాడు రైలు మార్గం మొదలవలేదు. పిల్లలే పథకం వేశారు. ఏబ్ పికప్‌ని రోవెనా నడపాలి, రోవెనా కారును ఇంకొకరు నడపాలి. ఒకే రోడ్డు, ఒకే ఆదివారం. పికప్ అడగడానికి మార్లిన్ వెళ్ళేసరికి ఏబ్ బళ్ళు బాగుచేసుకునే తన షాపులో కట్టెల పొయ్యి పక్కన పాత మోటారొకటి విప్పుకుని కూర్చున్నాడు. కూతురు చెప్పిందంతా విన్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఆ చిన్న కారు నేనే నడుపుతా. నాకెవడు వేలు లేపడో చూస్తా."

ఆదివారం ప్రార్థన కాగానే అంతా బడి ముందు కలిశారు. రోవెనా పొట్టి మనిషి. పికప్ సీటు మీద దిండు వేసుకుని ఎక్కింది. బ్రోడీ సాక్షి. వాణ్ణి చూసి వేళ్ళు లేపుతారేమోనని, సీటు కింద స్పానర్ల మధ్య పడుకోవాలని క్లాసు తీర్మానం. వాడికి పడుకోవడం కొత్త కాదు. ఏబ్ చిన్న కారులో మడత మంచంలా మడుచుకుని కూర్చున్నాడు. టోపీ పైకప్పుకు తగిలింది. పక్కన మార్లిన్, వెనక ఐరా కిందికి జారి కూర్చున్నారు. ముందు కారు, మైలు వెనక పికప్.

మొదట పీట్ డిక్ ఎదురయ్యాడు. ఏబ్ నిదానంగా, దర్జాగా వేలు లేపాడు. పీట్ చూపు పొలాల మీద ఉంది. ఎండ కళ్ళలో పడినట్టుందన్నాడు ఏబ్. ఎండ పీట్ వీపు వైపుంది. తరువాత పాస్టరు దంపతులు. పాపం, ప్రసంగం గురించి ఆలోచించుకుంటున్నాడన్నాడు ఏబ్. ప్రసంగం చెప్పేసే వస్తున్నాడు ఆయన. ఆ తరువాతివాడికి ఏబ్ ఏ సాకూ వెతకలేదు. వేలికి బదులు చెయ్యంతా లేపాడు. అవతలి బండి కాస్త పక్కకు తప్పుకుని, వేగం పెంచి పోయింది.

మార్లిన్ తండ్రి మెడ వంక చూస్తూ కూర్చుంది. ఎర్రబడుతోంది. ఆపేద్దామా నాన్నా అందామనుకుంది. 

ధాన్యం నిలవచేసే ఎలివేటరు గోదాము దగ్గర మలుపులో కార్నీ ఎదురయ్యాడు. ఏబ్ సొంత తమ్ముడు. ఒకే మంచంలో పడుకుని, ఒకే గుర్రం మీద బడికెళ్ళినవాళ్ళు. ఏబ్ వేలు లేపాడు. దించకుండా అలాగే ఉంచాడు. కార్నీ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కిటికీలోంచి ఉమ్ముతూ, అన్న మొహం వంక చూసి, దాటిపోయాడు.

 ఏబ్ వేలు ఇంకా స్టీరింగు మీద నిలబడే ఉంది.

"మిస్," అని వెనక నుంచి ఐరా మెల్లగా అడిగింది, "అయితే కెనడా వాళ్ళంటే పికప్‌లా?"

"నీకెలా తెలుసు?" అంది మార్లిన్ అలవాటుగా.

"ఇంకా తెలీదు మిస్. పికప్ రానివ్వండి."

పికప్ ఎంతకీ రాలేదు. పాత స్మశానం గేటు దగ్గర ఆగి ఎదురుచూశారు. కారులో హీటరు ఊదుతోంది గానీ చల్లగాలే ఊదుతోంది. ఏబ్ బూట్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ కూర్చున్నాడు. వచ్చాక తెలిసింది ఆలస్యం ఎందుకో. కంకర రోడ్డు మీద ఒక్కడూ వదల్లేదట. పీట్ వేలు లేపాడు. పాస్టరు లేపాడు. పాస్టరు భార్య కూడా లేపింది. రోవెనాకు తిరిగి లేపలేక వేలు నొప్పెట్టిందట. ఆపైన కార్నీ.

కార్నీ పికప్‌ను చూడగానే, అన్నను చూసినట్టు నడిరోడ్డు మీద కిటికీకి కిటికీ ఆనించి ఆపాడు. ఆపి, ఇటు చూడకుండానే పిడికెడు గింజలు కిటికీలోంచి చాపి, "నీ మోటారు సంగతి తేలిందా?" అన్నాడు. అప్పుడు చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేడు, తీసుకుంటే బాగుండదు. రోవెనా దోసిలి పట్టింది. ఇచ్చాక వెంటనే పోవడమూ బాగుండదు. అందుకని చలి గురించి మాట్లాడాడు. గోధుమల గురించి మాట్లాడాడు. మాట్లాడ్డానికి ఇంకేమీ మిగలక, నువ్వెవరివని అడిగాడు. హోమ్‌లో మీ అక్క తీనాకి రోజూ నేనే తల దువ్వుతానంది రోవెనా. మీరు చిన్నప్పుడు ఏ కోళ్ళగూట్లో దాక్కునేవారో కూడా ఆవిడ చెప్పిందంది. ఇదంతా సీటు కింది నుంచి విన్న బ్రోడీ, నవ్వు ఆపుకోలేక స్పానరు మీద పన్ను కొట్టుకున్నాడు.

ఏబ్ చిన్న కారు దిగి, నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. అందరూ ఆయన ఏమంటాడో అని చూశారు. ఆయన కారు ముందు భాగం వంక చూశాడు.

"ఆరేళ్ళ నుంచీ ఇదే కారా?"

"ఇదే సర్" అంది రోవెనా. "మొదటి ఏడాది నేనే అందరికీ చెయ్యి ఊపేదాన్ని. తరువాత వేలే లేపేదాన్ని. ఇప్పుడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంటున్నా. మంచులో అదే మంచిది."

"హీటరు పనిచెయ్యట్లేదు."

"తెలుసు సర్."

"రేపు షాపుకి తీసుకురా." ఐరా వైపు తిరిగాడు. "మీ అమ్మకి నేను లేపలేదమ్మాయ్. ఒక్కసారి కూడా లేపలేదు. క్లాసులో అలాగే చెప్పు."

మీరే వచ్చి చెప్పండి సర్ అంది ఐరా.  తాళంచెవులు మార్చుకున్నారు. ఫాస్పాకి రమ్మని మార్లిన్ ఎవరినీ పిలవలేదు. కారెక్కుతూ, బన్నులు పొద్దున్నే కాల్చానని మాత్రం గాలితో అన్నట్టు అంది. ఆమె ఇంటి ముందుకు ముందుగా ఏబ్ పికప్ వచ్చింది. దాని వెనక వెండిరంగు కారు. ఇంకాసేపటికి, అన్న బండి అక్కడుందని చూసి, దొంగ మొహం వేసుకుని కార్నీ.

వంటింట్లో కుర్చీలు చాలక బ్రోడీ పాలడబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. అందరూ తల వంచి, ఎవరి ప్రార్థన వాళ్ళు మనసులో చేసుకున్నారు. తలలెత్తారు. బన్నులు విరిచిన చప్పుడు, కాఫీ పోసిన చప్పుడు. రోవెనా కోటు జేబులోంచి గింజలు తీసి బల్ల మధ్యలో పోసింది. కార్నీ జామ్ సీసా మీద కాగితం మొదటిసారి చూస్తున్నవాడిలా శ్రద్ధగా చదవసాగాడు. ఏబ్ సగం తిన్న బన్ను పట్టుకుని రోవెనా వంక చూశాడు. కప్పు మీంచి ఒక వేలు లేపాడు.

వెన్న కావాలేమోననుకుని ఆమె వెన్న గిన్నె ఆయన ముందుకు జరిపింది. అప్పటికే వెన్న దట్టంగా ఉన్న బన్ను మీద ఏబ్ మళ్ళీ వెన్న రాసుకుని తిన్నాడు.