సైరన్ మోగితే పైకెక్కు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, తాను పనిలో ఉండగా పాపకు ఏదైనా అవుతుందని. మూడేళ్ల కిందటి వరదలో ఇంట్లో మంచం మునిగింది. అప్పటి నుంచి అత్తకు ఒకటే పాఠం వల్లె వేయించింది.

"సైరన్ మోగితే ఇంకేం ఆలోచించకత్తా. ఫోనూ గీనూ వెతక్కు. మేడమీద రేకుల గదిలోకి ఎక్కెయ్. నేనొచ్చి పిలిచేదాకా దిగొద్దు."

పాప పుట్టాక, "పాపనెత్తుకుని" అన్న మాట చేరింది.

"ఏడో తరగతితో ఆగావు కాబట్టి బతికిపోయానే. ఇంకాస్త చదివుంటే నాకు పరీక్షలు కూడా పెట్టేదానివి," అనేది అత్త.

ఆ మధ్యాహ్నం కుట్టు షెడ్డులో ఆమె మిషన్ మీద కాలర్లు కుడుతుండగా సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే మబ్బు తునక లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"వరద ఎందులో వస్తోందే, ట్యాంకర్లోనా?" అంది పక్క మిషన్ అక్క. అందరూ గొల్లుమన్నారు.

కటింగ్ మాస్టరు గోడమీది కాగితం చూపించాడు. "వరద ప్లాన్‌లోనే ఈ ఏడు ఎండనీ కలిపారు. వడగాలికీ అదే సైరన్. కింది గదుల్లో, నీడలో ఉండమని. అంటించి వారమైంది, ఒక్కరైనా చదివారా?"

ఆమె మిషన్ వదిలి లేచింది.

"మా అత్త పైకెక్కేసుంటుంది!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వీధిలో కింది గదుల తలుపులన్నీ బార్లా తెరిచున్నాయి. చల్లగా, నీడగా, ఖాళీగా. మనుషులంతా మేడలమీద. ఎదురింటి తాత దగ్గు ఆయన రేకుల గదిలోంచి వినిపించింది. ఆమె ఆగలేదు.

తమ మేడెక్కి, గది తలుపు రేకు తాకితే అరచెయ్యి చురుక్కుమంది. లోపల గడియ.

"అత్తా! నేనొచ్చాను, దిగు!"

గడియ మెల్లగా జారింది. కుండలో నీళ్లన్నీ తన కొంగుమీద పోసి, పాపకు చుట్టి ఉంచింది అత్త. పాప సన్నగా మూలుగుతోంది. అత్త పెదాలు ఎండి పగిలున్నాయి.

"పిలిచేదాకా దిగొద్దన్నావుగా," అని ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో పాప ముందే తేరుకుంది. రెండు రోజుల సెలైన్‌తో అత్త లేచి కూర్చుంది. మొట్టమొదట అడిగింది ఎదురింటి తాత గురించే. ఆయన్ను ఆ సాయంత్రం దాకా ఎవరూ పిలవలేదు. పిలిచేసరికి ఆయన పలకలేదు.

మీ ఇంటి పైనో, పక్కనో రేకుల కింద ఒంటరిగా ఎవరైనా ఉన్నారేమో. ఈ మధ్యాహ్నమే ఒకసారి మెట్లెక్కి పిలవండి. పలికేదాకా పిలవండి.