దూసిన ఆకులు

చచ్చిన తీగకు బదులు బతికున్న తీగను ఇస్తే మోసమెలా అవుతుందని హాయో నన్నడిగాడు. అడిగిన ఆ నోరు పడిపోను. వాడికి కొమ్మ కత్తిరించడం నేర్పినదాన్ని నేను. వాళ్ళ నాన్న పోయాక నర్సరీకి వాడు యజమాని, నేను జీతానికున్నదాన్ని.

ఊళ్ళోవాళ్ళ కుండీల్లో ఇక్కడి చలికి ఆగలేనివన్నీ అక్టోబరు చివర అద్దె మీద మా గాజు షెడ్డుకు వస్తాయి. అక్కడ ఎనిమిది డిగ్రీలకు మించి వేడి ఉండదు, నీళ్ళు నాలుగు చుక్కలే. కాగితం పూల తీగలు ఆకు రాల్చి మోడుల్లా నిద్రపోయి, ఏప్రిల్ చివర ఇళ్ళకు వెళ్తాయి. ఈ జనవరిలో ఒక ఉదయం తలుపు తీస్తే లోపల మైనస్ నాలుగు. హీటరు ఆగిపోయింది. ఆగితే మోగాల్సిన అలారం ఊరికే మోగుతోందని హాయో వారం ముందే కట్టేశాడు. బాగుచేయించమని మూడుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నెల రోజులు ఆగి, లోపల పచ్చ మిగిలిందేమోనని బెరడు గోటితో గీరి చూశాను. పంతొమ్మిది తీగలు మొదలుదాకా గోధుమరంగుకు తిరిగాయి.

"అందరికీ ఫోన్ చేసి చెప్పు," అన్నాను.

"చెప్తే వచ్చే ఏడు ఒక్క కుండీ రాదక్కా. ఇటలీ నుంచి అంత లావు మొదలున్నవే తెప్పిస్తున్నా. ఆకు లేకపోతే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు."

అవి నిండా ఆకులతో వచ్చాయి. చలికాలమంతా నిద్రపోయినట్టు కనబడాలని ఆ ఆకులన్నీ నాచేత దూయించాడు. బతికున్న కోడికి ఈకలు పీకినట్టు రెండు రోజులు దూశాను. జనం పాత కుండీల్లో నాటి, వాళ్ళ పేర్ల చీటీలు కట్టాను. పాపంలో సగం నాది, అందుకే నా కోపం రెట్టింపు.

ఏప్రిల్ చివరి శనివారం హార్మ్ ఊకెన్ గారు కారుకు ట్రాలీ తగిలించుకుని వచ్చారు. ఎనభై దాటిన మనిషి. భార్య గేషె రెండేళ్ళుగా వృద్ధాశ్రమంలో ఉంది. కొడుకు పేరు మరిచిపోయింది కానీ, ముప్ఫై ఏళ్ళ కింద తను నాటిన తీగను మరవలేదు.

ఆయన వంగి మొదలును గోటితో గీరారు. లోపల పచ్చగా ఉంది.

"మీ చేతి చలవ, విబ్కె గారూ. నా తీగేం చేస్తోందని ప్రతి ఆదివారం అడుగుతుంది మా ఆవిడ. నిద్రపోతోందే అంటాను. నవ్వుతుంది. రేపు తీసుకెళ్ళి చూపిస్తా."

"గేషె గారిని అడిగానని చెప్పండి," అన్నాడు పక్కనున్న హాయో, నవ్వుతూ. ఆ నవ్వు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది.

"ఇది మీది కాదండీ," అన్నాను. "మీది జనవరిలోనే చచ్చిపోయింది. దీని ఆకులు దూసింది నేనే."

"అక్కా, నోరు మూసుకో."

"నువ్వు మూసుకోరా."

ఊకెన్ గారు మెల్లగా నడుము ఎత్తారు. "జనవరిలోనా? అంటే పదిహేను ఆదివారాలు నా పెళ్ళాంతో నాచేత అబద్ధం ఆడించారు." గొంతు పెంచలేదు. "ఆశ్రమంలో అందరూ ఏదో ఒకటి చెప్పి దాన్ని ఊరుకోబెడతారు. నిజం చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే."

"ఇది అంతకంటే మంచి మొక్కండీ," అన్నాడు హాయో. "ఆవిడకు తేడా తెలీదు కదా."

ఊకెన్ గారు ఉత్త చేతులతో ఆ తీగను కుండీలోంచి పెరికి హాయో కాళ్ళ దగ్గర పడేశారు. ముళ్ళు గుచ్చుకుని అరచేతులు నెత్తురయ్యాయి. ఖాళీ కుండీ ట్రాలీలో పెట్టుకున్నారు.

"రేపు మూడింటికి ఇద్దరూ ఆశ్రమానికి రండి. తీగ చచ్చిపోయిందని మీరే చెప్పండి మా ఆవిడకు."

హాయో రాలేదు. నేనే చెప్పాను. గేషె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పై ఆదివారం వెళ్తే, నా తీగేం చేస్తోందని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అంతే ఏడ్చింది. ఈ ఆదివారం హాయోను మెడ పట్టుకునైనా లాక్కెళ్తాను. ఈసారి చెప్పాల్సింది వాడు.