పిల్లలకోడి పక్కన యురేనస్

మా ఆవిడ భాగ్యకు షుగరు కళ్లల్లోకి దిగింది. కంట్లో సూదులు వేయించడానికి సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటి వరంగల్లుకు తిరిగి తిరిగి, బస్సు కండక్టర్లు కూడా మాకు చుట్టాలైపోయారు. చివరి సూది వేసిన డాక్టరు, దీనికీ చూపు రాకపోతే ఇక చేయగలిగింది లేదన్నాడు. నాగపూర్‌లో మంచి కంటి డాక్టరు ఎవరైనా ఉన్నారేమోనని నేను కనిపించిన ప్రతివాడినీ అడుగుతున్నాను.

కొన్నాళ్లకు భాగ్య, చూపు వస్తున్నదని చెప్పింది. గోడ మీది బల్లి కనబడుతున్నదట. నేను బామ్ని ఊరి బడిలో సైన్సు చెబుతాను. రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతాను. బల్లి మాటను మాత్రం ఎగిరి గంతేసి నమ్మాను.

ఆ సంతోషంలోనే బైనాక్యులర్ బయటికి తీశాను. యురేనస్ మామూలు కంటికి దాదాపు అందదు, అందులోంచి చూస్తే పచ్చనీలం నలుసులా కనిపిస్తుంది. రెండేళ్ల కింద, కళ్లు బాగున్న రోజుల్లో, ఇలాంటి చలికాలంలోనే ఆమెకు చూపించాను. గింత దానికి గంత లొల్లి ఎందుకని నవ్వింది గానీ, చాలాసేపు బైనాక్యులర్ నా చేతికివ్వలేదు.

పొద్దుగూకాక పెరట్లో మంచం వేశాను. ముందు నేను చూసి, గ్రహం ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. భాగ్య చిన్నప్పుడు తండ్రితో కల్లంలో వరికుప్పల కావలి పడుకుని పెరిగిన మనిషి. కృత్తికల చుక్కల గుంపును వాళ్లు పిల్లలకోడి అంటారు, దాన్ని చూసి రాత్రి వేళ ఎంతైందో చెబుతారు. పిల్లలకోడి ఏదని అడిగితే తడుముకోకుండా చెయ్యెత్తి చూపింది. నా కడుపు నిండిపోయింది. బైనాక్యులర్ ఆమెకిచ్చి నోరు మూసుకున్నాను. పాఠం చెప్పకుండా ఉండటం నా జన్మలో అదే మొదలు.

"దొరికింది గురూజీ," అన్నది. బడిపిల్లల పిలుపుతో నన్ను ఆటపట్టించడం ఆమెకు సరదా. "నువ్వు అప్పుడు చూపెట్టిన కాడనే ఉన్నది. పిల్లలకోడికి మీద, జర దూరంల. పచ్చగ, గింతంత."

చుక్కలు ఉన్న వరుసలోనే ఉంటాయి. గ్రహం అలా ఉండదు. ఈ రెండేళ్లలో యురేనస్ మెల్లగా జరిగి పిల్లలకోడికి కుడిపక్కకు వచ్చింది. ఆమె చెప్పిన చోట ఇప్పుడేమీ లేదు. పిల్లలకోడిని చూపింది కూడా కళ్లతో కాదు, ఈ నెలలో ఈ వేళకు అది ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు.

నాకు ఒళ్లు మండింది. డాక్టరు మీద, షుగరు మీద, ఉన్నచోట ఉండని ఆ గ్రహం మీద. ఒక్కరినీ ఏమీ చేయలేను.

"సక్కగ చూసినవు," అన్నాను.

"నిజంగనేనా?"

"నిజంగనే."

"ఇగ నాగపూర్ అనుకుంట పరేషాన్ కాకు. నెల నుంచి నీకు నిద్ర లేదు, నేను ఎరుగనా? ఇయ్యాల్టి నుంచి నిమ్మలంగ పండుకో."

సరేనన్నాను. ఆమె బైనాక్యులర్ నాకివ్వబోయి నేను లేని వైపుకు చాపింది. చప్పుడు కాకుండా లేచి, ఆ వైపుకు వెళ్లి అందుకున్నాను.